ఆరతి రంగు

మా ఇంట్లో ఆయుధపూజ అంటే పావు వంతు పూజ, ముప్పావు వంతు కడుగుడు. అరవనాట, సింగానల్లూరులో మా ఇల్లూ మా పట్టరై ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. పట్టరై అంటే వర్క్‌షాపు. తాతల కాలం నుంచి మా ఇంట్లో ఆ అరవ మాటే వాడుక. పూజ వస్తే లేతు మిషను నుంచి చిన్న స్పానరు దాకా అన్నీ కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టాల్సిందే. కడగని వస్తువు అమ్మవారి ముందుకు పోదు. మా అమ్మ వళ్లి చేతికి చెంబు దొరికితే కరెంటు మోటారుకు కూడా స్నానం చేయించేస్తుంది. ఒక ఏడు నిజంగానే చేయించింది. ఆ మోటారు మళ్లీ లేవలేదు, మేమందరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ మరుసటి ఏడు పూజకు నవ్వు రాలేదు. ఆ ఏటి సంగతే చెబుతున్నాను.

అప్పటికి నేను డిప్లొమా ముగించి నాలుగేళ్లు. మా నాన్న ముత్తుసామిని మేం నైనా అంటాం. వెల్డింగ్ నాకు కాలేజీలో వచ్చింది కాదు, నైనా వీపు వెనక నిలబడి చూస్తే వచ్చింది. అన్న నరేన్‌కు ఇనుము పడదు. ఫోను పడుతుంది, మనుషులు పడతారు, బిల్లు రాయడం పడుతుంది. పట్టరైకి అదీ కావాలి, కాదనను. నాకు మాత్రం వెనకవైపు ఉన్న వెల్డింగ్ షెడ్డు కావాలి. పెళ్లి మాట ఎత్తిన ప్రతివాళ్లకూ “షెడ్డు ఉండే ఊళ్లోనే ఉంటాను” అని చెప్పి కాఫీ ఇచ్చి పంపేదాన్ని. అమ్మ తల కొట్టుకునేది.

దసరాకు ముందు, పురట్టాసి నెలలో శరత్‌కుమార్ వచ్చాడు. పొళ్లాచ్చి పక్క కొబ్బరితోటల ఆసామి. మావాళ్లే, ఇంట్లో తెలుగే, వరసతో పని లేకుండా నైనాను మామా అంటాడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. పాత జీపు ఒకటి కొని, పెద్ద ఇంజను వేయించి, నడుమెత్తు టైర్లు తెచ్చుకున్నాడు. బండల మీద, బురదలో జీపులు ఎక్కించే పోటీలు ఉంటాయే, వాటి పిచ్చి ఆయనకు.

“మామా, వెనక హౌసింగ్ నాకు జన్మకు విరగకూడదు. కార్తిగైలో పోటీ ఉండాది” అన్నాడు.

హౌసింగ్ అంటే వెనక చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనుప ఒర. మధ్యలో పోత ఇనుముతో చేసిన పెద్ద బొజ్జ, దానికి రెండు పక్కలా మెడలు, ఆ మెడల్లో బిగించిన ఉక్కు గొట్టాలు. రోడ్డు మీద తిరిగే జీపుకు ఆ బిగింపు చాలు. అంతంత టైర్లు వేసి బండల మీదికి ఎక్కిస్తే గొట్టం మెడలోనే తిరిగిపోతుంది. అందుకని మెడ చుట్టూ గొట్టాన్ని వెల్డు చేసి, పైన వంతెనలాగా ఉక్కు పలక కట్టాలి. ఉక్కుకు ఉక్కును ఎవరైనా అతికిస్తారు. పోత ఇనుముకు ఉక్కును అతికించడం మాత్రం గయ్యాళి అత్తకూ కొత్త కోడలికీ పొత్తు కుదర్చడం లాంటిది. ముందు వేడి చేసి బుజ్జగించాలి, అయ్యాక చల్లారేదాకా జోలికి పోకూడదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నైనా నావైపు తిరిగాడు.

“ఇది నువ్వే చెయ్యి అమ్మణీ. నేను పక్కన కూచుంటాను. సరిగ్గా వచ్చిందంటే విజయదశమికి షెడ్డు తాళంచెవి నీకు. యాపారం నరేన్‌ది, షెడ్డు నీది.”

“ఆడపిల్లకు షెడ్డు రాసిచ్చే తండ్రిని ఈడ దా చూస్తుండాను” అంది అమ్మ. ఆ ‘దా’ కూడా అరవమే, ‘ఇక్కడే’లో ‘ఏ’ లాంటిది.

“రాసియ్యలేదు వళ్లీ, తాళంచెవి ఇస్తుండాను” అన్నాడు నైనా. నాకు ఆ మాత్రం చాలనిపించింది.

పూజ ముందు రోజు మధ్యాహ్నం మొదలుపెట్టాం. గ్యాసు మంటతో మెడను కాల్చాను. నైనా వేలు తడిచేసి ఒక చుక్క విదిలించాడు. ఆ చుక్క మెడ మీద పడి ఎగిరి దూకింది. “ఇప్పుడు పెట్టు” అన్నాడు. నికెల్ రాడ్డుతో ఒక అంగుళం వేసి ఆపడం, చిన్న సుత్తితో దానిమీద మెల్లగా తట్టడం, తిప్పి ఎదురు పక్క ఇంకో అంగుళం వేయడం. ఒకే పక్క గబగబా వేసుకుంటూ పోతే హౌసింగ్ వంకర పోతుంది. నా చెయ్యి ఉరికినప్పుడల్లా నైనా గొంతు సవరించుకునేవాడు.

“ఇనుముకు ఏం తొందర? తొందరంతా మనిషికి దా.”

నరేన్ వచ్చి ఫోనులో వీడియో తీశాడు. హెల్మెట్ ఎత్తి నవ్వమన్నాడు. నవ్వాను. “మా చెల్లెలు దర్శిని, మా పట్టరై సింగం” అని అరవంలో రాసి పెట్టాడు. మొదటి లైకు శరత్‌కుమార్‌దే.

పొద్దువాలేసరికి రెండు మెడలూ అయ్యాయి. నిలువునా కోసిన డ్రమ్ములో పొడి సున్నం నింపి ఉంచాం. వేడి వేడి హౌసింగ్‌ను ఇద్దరం గొలుసుతో దించి, పైన కూడా సున్నం కప్పి బాలింతను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాం. సున్నంలో ఉంటే వేడి నెమ్మదిగా దిగుతుంది. తొందరగా దిగితే వెల్డు పక్కన పోత ఇనుము చీలుతుంది.

“రేపు సాయంత్రం దాకా తియ్యొద్దు నైనా” అన్నాను.

“నాకే చెప్తుండావా?” అని నవ్వాడు. ఆ నవ్వులో ఎంత గర్వం ఉందో ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇంకా మండుతుంది.

తెల్లారి లేచేసరికి నేను దూరం. మా ఇళ్లల్లో నెలసరిని అలాగే అంటారు. మామూలు రోజుల్లో అమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది కానీ అది పూజ రోజు. చాప, చెంబు, పళ్లెం ఇచ్చి మేడమీద గదికి పంపించింది. అక్కడి కిటికీలోంచి పట్టరై రేకుల కప్పు కనిపిస్తుంది, వాకిలి కొంచెం కనిపిస్తుంది. గంట వినిపించింది, కర్పూరం వాసన వచ్చింది, శరత్‌కుమార్ నవ్వు వినిపించింది. వీధిలో నరేన్ గుమ్మడికాయ కొట్టాడు. అందరూ పక్కకు జరిగినప్పుడు వాకిలి సందులోంచి అమ్మవారి పటం కనిపించింది, పటం ముందు బంతిపూల దండ వేసుకుని నా హౌసింగ్ కనిపించింది.

ఒక్క ఉదుటున లేచాను. మెట్ల దాకా వచ్చి కేకేశాను.

“నైనా! హౌసింగ్ ఏమిటికి తీసినారు?”

నైనా కింది మెట్టు మీద కాలు పెట్టి తలెత్తాడు. “శరత్ తంబి పొద్దున్నే వచ్చేసినాడు అమ్మణీ. రాహుకాలం ముందే పూజ అవ్వాల, వస్తువు అమ్మవారి ముందర ఉండాల అంటే ఏం చేసేది? చల్లారిపోయింది. చేత్తో తాకి చూస్తిని.”

“నీళ్లు పొయ్యలేదు కదా?”

ఆయన వీధిలో పగిలిన గుమ్మడికాయ వైపు చూశాడు. “లేదు లేదు. గుడ్డతో తుడిచి బొట్టు పెట్టినాము, అంతే. కవలపడొద్దు, ఏం కాలేదు, పో.”

నమ్మాను. మా నైనా ఇంట్లో చిన్నా చితకా అబద్ధాలు ఆడతాడు, బీడీ మానేశానంటాడు, డాక్టరు దగ్గరికి పోయొచ్చానంటాడు. ఇనుము విషయంలో అబద్ధం ఆడడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు విజయదశమి. తాళంచెవికి పసుపు కుంకుమ పెట్టి నైనా మేడ ఎక్కి వచ్చాడు. నేను చెయ్యి చాపాను. “చేతికియ్యొద్దు!” అని కింద నుంచి అమ్మ అరుపు. నైనా నా ముఖం చూసి, తల దించుకుని, తాళంచెవిని గడప మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను వంగి తీసుకున్నాను. గడప మీద పెడితే మాత్రం తాళంచెవి కాకుండా పోతుందా అని నాకు నేనే చెప్పుకున్నాను. కొంగున కట్టుకుని పడుకున్నాను కూడా.

తలస్నానం చేసి నేను కిందికి దిగేసరికి హౌసింగ్‌కు నల్ల రంగు కొట్టేసి జీపు కింద బిగించేశారు. మెడ దగ్గర ఒకసారి చూస్తానంటే నరేన్ “రంగు గీరొద్దు, శరత్ అన్న ఫోటో అడిగినాడు” అన్నాడు. నైనా స్పానర్లు ఏరి డబ్బాలో వేసుకుంటున్నాడు.

దసరా పోయి ఐప్పసి వానలు పట్టాక ఒక ఆదివారం జీపును ఊరి బయట పాడుబడ్డ రాళ్ల క్వారీకి తీసుకుపోయాం. శరత్‌కుమార్ స్టీరింగ్ పట్టాడు. నైనా, నరేన్, నేను గొడుగుల కింద నిలబడ్డాం. మొదటి బండ సునాయాసంగా ఎక్కింది. నేను నైనా చెయ్యి పట్టుకున్నాను, ఆయన చెయ్యి చల్లగా ఉంది. రెండో బండ మీద ఎడమ చక్రం గాల్లోకి లేచి మళ్లీ కింద పడింది. లావు చెరుకుగడను మోకాలి మీద పెట్టి విరిచినట్టు చప్పుడు. చక్రం లోపలికి మడుచుకుపోయింది, జీపు పక్కకు ఒరిగి బండకు ఆనుకుంది. లేకపోతే బోర్లా పడేది.

శరత్‌కుమార్ నుదుటికి చిన్న దెబ్బ. రుమాలు అదుముకుంటూ బురదలో దిగి వచ్చాడు. నావైపు చూడనైనా చూడలేదు.

“మామా, నేను మీ చేతి పని అని దా వచ్చినాను. చెల్లెమ్మ చేతి పని అని నాకెవురూ చెప్పలేదే.”

వీడియోకు మొదటి లైకు కొట్టిన మనిషి మాట అది. తిరిగి వచ్చేటప్పుడు ముందు సీట్లో కూచుని నరేన్ ఆ వీడియో తీసేయడం నేను వెనక నుంచి చూశాను. సింగం పోయింది, వేలు ఒక్కసారి తాకిస్తే చాలింది.

హౌసింగ్‌ను విప్పి షెడ్డులో బల్ల మీద పెట్టాం. నైనా టార్చి పట్టాడు. వెల్డు విడిపోలేదు. దాని పక్కన, మెడలో, పోత ఇనుము చీలింది. చీలిన ముఖం సగం పంచదార పలుకుల్లా మెరుస్తోంది. అది ఆ రోజు విరిగిన భాగం. మిగతా సగం మసకబారి ఉంది. అంటే ఆ సగం చాలా ముందే చీలి ఉంది, రంగు కింద దాక్కుని ఉంది. ఆ మసక సగంలో, సున్నం ఇరుక్కున్న చోట, ఎర్రగా ఒక చార.

“తుప్పు” అన్నాడు నరేన్.

వేలు తడిచేసి రాశాను. వేలికి ఎర్రగానే అంటుకుంది. వాసన చూశాను. తుప్పుకు పసుపు వాసన రాదు. పసుపు నీళ్లలో సున్నం పడితే ఏ రంగు వస్తుందో మా ఇంట్లో చంటిపిల్లకు కూడా తెలుసు, ఆరతి నీళ్లు కలిపేది అలాగే కదా. నేను నైనా వైపు చూశాను. ఆయన టార్చి కొంచెం పక్కకు తిప్పాడు.

అప్పుడే అమ్మ కాఫీలు తెచ్చింది. విరిగినదాన్ని చూసి పళ్లెం దించకుండానే మొదలుపెట్టింది.

“నేను అప్పుడే అనుకుంటిని. పూజ రోజు మీ నైనా చెంబెత్తి పసుపు నీళ్లు పొయ్యంగానే ఇది బుస్సుమన్నాది. పాము మాదిరి. అమ్మవారికి కోపం వచ్చేసింది. దూరమయ్యేది ఈ పిల్ల, ముందు రోజంతా దాన్ని కావలించుకునే కూచున్నాది. తీట్టు, ఆ మైల పట్టకుండా పోతాదా?”

మా అమ్మ అబద్ధం చెప్పలేదు. ఆమెకు తెలిసినంత నిజం ఆమె చెప్పింది. ఆ నిజంలో సగం నైనాను పట్టిచ్చింది, మిగతా సగం నన్ను ముంచింది.

“నీళ్లు పోసినారా నైనా?” అన్నాను.

“పొయ్యకుంటే పూజ ఎట్లవుతాది?” అంది అమ్మ.

నేను అమ్మను అడగలేదు. నైనా కొస పట్టుకుని చూసి ఉంటాడు. గొట్టం కొస తొందరగా చల్లారుతుంది, మెడ చల్లారదు. ఇది నాకు నేర్పినవాడే ఆయన. నీళ్లు పడగానే బుస్సుమన్నప్పుడు ఆయన చెవులకు అది పాము బుసలా వినిపించి ఉండదు. ఏం జరిగిందో ఆ క్షణమే తెలిసి ఉంటుంది. తెలిసే కింది మెట్టు మీద కాలు పెట్టి “లేదు లేదు” అన్నాడు. తెలిసే రంగు కొట్టనిచ్చాడు. తెలిసే గడప మీద తాళంచెవి పెట్టాడు.

నైనా బల్ల కింది నుంచి పాత గుడ్డపేలిక తీశాడు. కిరోసిన్‌లో ముంచాడు. మెల్లగా, శ్రద్ధగా, ఎప్పుడూ పని అయ్యాక తుడిచేట్టుగానే, చీలిక లోపలి దాకా వేలు పెట్టి తుడిచాడు. ఎర్రచార పోయింది. గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“వెల్డింగ్‌లోనే తప్పు ఉండాది” అన్నాడు, నరేన్ వైపు చూసి.

నేను అరిచాను. ఏమేం అన్నానో పూర్తిగా గుర్తులేదు, కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి అన్నది మాత్రం గుర్తుంది. నైనా వింటూ నిలబడ్డాడు. ఆయనకు బదులు నరేన్ మాట్లాడాడు, గట్టిగా కూడా కాదు, కస్టమరుకు నచ్చజెప్పే గొంతుతో.

“కొంచెం యోచన చెయ్యి దర్శినీ. చెల్లెలు నేర్చుకుంటుండాది, తప్పు అయిపోయింది అంటే శరత్ అన్న సరి అంటాడు. నైనా చేతిలోనే తప్పు అంటే మళ్లీ ఎవురు వస్తారు ఈడికి? ఈ పట్టరై నైనా చేతి పేరు మీద దా నిలిచి ఉండాది. నీకు ఏం పోయింది?”

నాకేం పోయిందో వాడికి నిజంగానే తెలియదు. అది వాడి తప్పు కాదు, వాడు ఎప్పుడూ ఆ షెడ్డులో పది నిమిషాలకు మించి నిలబడలేదు.

“నాలుగు దినాలు పోనీ అమ్మణీ” అన్నాడు నైనా చివరికి. “వేరే వెల్డరును పెట్టుకుంటాము. నువ్వు ఇంట్లో ఉండు.”

కొంగు ముడి విప్పాను. ఆయన చెయ్యి చాపాడు. నేను వంగి తాళంచెవిని షెడ్డు గడప మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన దాన్ని తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

కార్తిగైలో జీపు మళ్లీ తయారయింది. వేరే హౌసింగ్, ఎవరో వెల్డరు. ఈలోగా దిండిగల్‌లో ఇనప్పెట్టెలు చేసే చోట నాకు పని దొరికింది. ఒక ముక్క వెల్డు చేసి చూపించమన్నారు, చూపించాను, సోమవారం రమ్మన్నారు. ఇంట్లో చెబితే అమ్మ ఏడ్చింది. నైనా “బస్సుకు మాట్టుతావణి దాకా పోవద్దు, నేరుగా బండి ఉండాది” అన్నాడు. మాట్టుతావణి మదురై బస్టాండు. దిండిగల్ దాటి నేను మదురై ఎందుకు పోతాను? మాట్లాడటానికి ఏమీ లేని మనిషి మాట్లాడిన మాట అది.

జీపు పోటీకి బయలుదేరే రోజు శరత్‌కుమార్ పట్టు పంచె కట్టుకుని వచ్చాడు. నైనా తెల్ల పంచెలో, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డాడు. అమ్మ నా గదికి వచ్చింది.

“ఆరతి తియ్యాల రా. ఇంటి ఆడపిల్లే తియ్యాల.”

వెల్డింగ్‌కు పనికిరాని చెయ్యి ఆరతికి పనికొచ్చింది. కాదనలేదు. పళ్లెంలో నీళ్లు పోసి పసుపు కలిపాను. సున్నానికి వంటింట్లోకి పోకుండా షెడ్డులోకి పోయాను. డ్రమ్ము అలాగే ఉంది. చిటికెడు తీసి నైనా చూస్తుండగానే పళ్లెంలో వేసి వేలితో తిప్పాను. పచ్చనీళ్లు ఎర్రబారాయి. నైనా మెడ వెనక చెయ్యి పెట్టుకుని రుద్దుకోసాగాడు.

జీపు ముందు నిలబడి మూడు సార్లు తిప్పాను. శరత్‌కుమార్ “రొంబ సంతోషం చెల్లెమ్మా” అన్నాడు. నరేన్ ఫోనులో వీడియో తీస్తున్నాడు. ఇక ఆ నీళ్లు చక్రాల ముందు పోయాలి. తీసినవాళ్లే పోయడం వాడుక. నేను పళ్లెం పట్టుకుని జీపును దాటి నైనా దగ్గరికి పోయాను.

“మీరే పొయ్యండి నైనా” అన్నాను. “ఇప్పుడు చల్లగానే ఉండాది.”

అమ్మకు అర్థం కాలేదు. నరేన్ ఫోను దించాడు. నైనా రెండు చేతులతో పళ్లెం అందుకున్నాడు. రవ్వలు పడి మచ్చలు కట్టిన చేతులు, ఎరుపెక్కిన ఇనుము పక్కన కూడా వణకని చేతులు. పళ్లెం అంచు దాటి సగం నీళ్లు ఆయన పంచె మీదే పోయాయి. మిగతా సగం చక్రాల ముందు పోసి, ఎవరి ముఖమూ చూడకుండా షెడ్డులోకి పోయాడు.

ఆ పంచెను అమ్మ ఆ సాయంత్రమే సబ్బు పెట్టి ఉతికింది. పసుపుకు సబ్బు తగిలితే మళ్లీ ఎర్రబడుతుంది. ఆరేసరికి పచ్చబడుతుంది, సబ్బు పెడితే ఎర్రబడుతుంది. “ఇదేం పసుపో తల్లీ, ఎంత రుద్దినా పోకుండా ఉండాదే” అని అమ్మ బండ దగ్గర గొణుక్కుంటూ రుద్దుతూనే ఉంది. నేను పెట్టె సర్దుకుంటున్నాను. గోడకు అవతల, షెడ్డులో, నైనా వింటున్నాడు.